బయోమెడికల్‌కి ఫోన్ చెయ్యండి!

ఏమే అమ్మాయ్, పొద్దున్నుంచీ మీ ఇంట్లో ఒకటే రభస! గోడకి ఇవతల ఉన్నదాన్ని, విననట్టు నటిద్దామన్నా మీ ఆయన గొంతు నటించనివ్వదు. "బయో" అన్న మాటా, "ఈ ఇంట్లో నా మాట వినేదెవరు" అన్న మాటా వినిపించాయి. మధ్యలోదంతా మిక్సీ చప్పుడులో కొట్టుకుపోయింది. ఇలా రా, ఆ పంపు గట్టెక్కు. నేను స్టూలు తెచ్చుకున్నాలే. ఇప్పుడు చెప్పు.

ఓహో, ఎంసెట్ గొడవా! అదేలే, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, నా నోటికింకా ఎంసెట్టే వస్తుంది. వెబ్ ఆప్షన్లు పెట్టాలి, మీ ఆయన కంప్యూటర్ సైన్సు తప్ప ఇంకోటి పెట్టనివ్వనంటున్నారు, బుజ్జేమో మొదటి ఆప్షను బయోమెడికల్ ఇంజనీరింగే అంటోంది. మరి నువ్వేమంటున్నావు? "తెల్లకోటు వేసుకుంటుంది కదా పిన్నిగారూ, సగం డాక్టరయినట్టేగా" అనా? హవ్వ! నా దగ్గర అన్నావు గనక సరిపోయింది, పిల్ల దగ్గర అనకు.

సగం కాదు, పావు డాక్టరు కూడా కాదు. నాలుగేళ్ళు చదివాక చేతికొచ్చేది బీటెక్కు. మందు రాయడానికి లేదు, సూది వెయ్యడానికి లేదు. డాక్టరు కావాలంటే నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరాలి, దానికి దొడ్డిదారి లేదు. అమెరికాలో వేరు. అక్కడ ముందు ఏదో ఒక డిగ్రీ చేసి, ఆ తర్వాత మెడికల్ స్కూలుకి వెళ్తారు. అందుకని డాక్టరు కావాలనుకునే పిల్లలు కొందరు ఆ మొదటి డిగ్రీకి బయోమెడికల్ ఎంచుకుంటారు. డాలస్‌లో ఉన్న మీ మరిది ఫోన్లో చెప్పింది అక్కడి సంగతి. అది పట్టుకుని ఇక్కడ ఆప్షన్లు పెడితే నాలుగేళ్ళ తర్వాత "మరి స్టెతస్కోపు ఏదే" అని పిల్లని మీరే అడుగుతారు.

మరి వాళ్ళు చేసే పనేమిటంటావా? నా సర్వీసు చాలావరకు ఐసీయూలోనే గడిచింది, నేను చూసింది చెప్తా విను. బయోమెడికల్ అంటే మాకు చదువు పేరు కాదు, ఆసుపత్రి సెల్లార్లో జనరేటర్ పక్కనుండే ఒక గది పేరు. పైన ఏ మిషను మొరాయించినా మా నోట ముందు వచ్చేది "బయోమెడికల్‌కి ఫోన్ చెయ్యండి" అనే. ఒక రాత్రి డ్యూటీలో వెంటిలేటర్ ఉన్నట్టుండి కూత పెట్టడం మొదలెట్టింది. రోగికి పంపిన గాలి ఒక లెక్క, తిరిగొచ్చిన గాలి ఇంకో లెక్క చూపిస్తోంది. ఫోన్ చెయ్యగానే కుర్రాడొచ్చాడు, కళ్ళు ఇంకా నిద్రలోనే ఉన్నాయి. మిషను మీద చెయ్యి వెయ్యకముందే "సిస్టర్, పేషెంటుని అంబూ మీదకి మార్చండి" అన్నాడు. మేం అంబూ బ్యాగు నొక్కుతూ ఊపిరి అందిస్తుంటే, వాడు మిషను గొట్టం చివర రోగి బదులు ఒక రబ్బరు తిత్తి తగిలించాడు. టెస్ట్ లంగ్ అంటారు దాన్ని. గొట్టాలన్నీ వేలితో తడుముకుంటూ వచ్చి, ఫ్లో సెన్సర్ ఊడదీసి లైటుకి ఎదురుగా పట్టుకుని నాకు చూపించాడు. లోపల సన్నగా నీటి చెమ్మ. గాలికి తేమ పెట్టే హ్యూమిడిఫయర్ ఆవిరి అక్కడ చేరి, సెన్సర్ లెక్క తప్పింది. కొత్తది బిగించి, లీక్ టెస్ట్ చేసి, లాగ్‌బుక్కులో టైము రాసి సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. తెల్లారి రోగి తాలూకు వాళ్ళు డాక్టరుగారికి దణ్ణాలు పెట్టారు. వాడు సెల్లార్లో టీ తాగుతున్నాడు.

"ఇంతేగా, ఓ మెకానిక్ చాలడా" అని మీ ఆయన అంటారు, నాకు తెలుసు. చాలడమ్మా. మెకానిక్ ముందు మిషను వంక చూస్తాడు, వీడు ముందు మంచం మీద మనిషిని చూశాడు. ఆ చూపు ఊరికే రాదు. ఇంకో సంగతి చెప్పనా? పొద్దున్నే మానిటర్ మీద గుండె గీత పిచ్చిపిచ్చిగా ఎగురుతోంది, అలారం మోగుతోంది. కొత్తగా చేరిన అమ్మాయి డీఫిబ్రిలేటర్ బండి లాక్కుంటూ పరిగెత్తింది. తీరా చూస్తే పెద్దాయన మంచం మీద లేచి కూర్చుని, నోటినిండా నురగతో పళ్ళు తోముకుంటున్నాడు! చెయ్యి ఊగినప్పుడల్లా ఛాతీ మీద ఎలక్ట్రోడ్లు కదిలి, ఆ కదలిక ప్రమాదకరమైన గుండెదడలా గీతలు గీసేస్తుంది. ఇది మా దగ్గర జరిగిన వింత కాదు, పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. మిషను చూపించిందంతా నిజమని నమ్మెయ్యకుండా, అబద్ధం ఎక్కడ చొరబడిందో పట్టుకోవడం ఈ చదువులో సగభాగం.

అందుకే మీ బుజ్జి అంటే నాకు గురి. పోయిన వేసవిలో మీ మామగారి బీపీ మిషను విప్పి పెట్టుకుని కూర్చుంది చూడు, నువ్వు తిట్టావు కూడా. ఆవేళ గోడ దగ్గరకొచ్చి నన్నేమడిగిందో తెలుసా? "అమ్మమ్మా, డాక్టరు స్టెతస్కోపుతో విని చూసినప్పుడు ఒకటి వస్తోంది, ఈ మిషను పెడితే ఇంకోటి వస్తోంది, రెండింట్లో ఏది బీపీ?" అని. బీటెక్ ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న. డాక్టరు వినేది రక్తనాళంలో చప్పుడు. 1905లో కొరొట్కోవ్ అనే రష్యా డాక్టరు చెప్పిన పద్ధతి అది. ఇంట్లో మిషను అసలు చప్పుడే వినదు. చేతికి చుట్టిన పట్టీలో గాలి వదులుతూ, నాడి కొట్టుకున్నప్పుడల్లా ఆ గాలి ఒత్తిడి ఎంత అదురుతోందో చూసుకుంటుంది. అదురు ఎక్కడ ఎక్కువగా ఉందో పట్టుకుని, అక్కణ్ణుంచి పై అంకె, కింది అంకె లెక్కకట్టి చూపిస్తుంది. ఆ లెక్క ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. ఇదంతా నాకు ఆ సెల్లార్ కుర్రాళ్ళే చెప్పారు. నేను బుజ్జికి చెప్తే, అది ఆ లెక్క ఎలా కడతారని మళ్ళీ అడిగింది. నాకేం తెలుసు!

అదిగో, ఆ "ఎలా కడతారు" దగ్గరే ఈ కోర్సు ఉంది. పేరులో బయో ఉంది కదా, బోటనీ జువాలజీలా బొమ్మలు గీసి రంగులేస్తారనుకుంటారు జనం. మా చెల్లెలు కూతురు బైపీసీ. తెలంగాణలో బైపీసీ వాళ్ళకి కూడా ఈ బ్రాంచిలో కొన్ని సీట్లున్నాయి కదా, అలా చేరింది. మొదటి ఏడాది లెక్కలతో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సర్క్యూట్లు, సిగ్నల్సు, ప్రోగ్రామింగు, పక్కనే ఫిజియాలజీ. గుండె నుంచి చర్మం మీదకొచ్చే కరెంటు ఒక మిల్లీవోల్టు మాత్రమే. చుట్టూ గోడల్లో 230 వోల్టుల తీగలు, సెకనుకి 50 సార్లు రొద పెడుతూ ఉంటాయి. ఆ రొదని వడకట్టి గుండె మాట ఒక్కటే కాగితం మీదకి తెచ్చేది లెక్కలే. బుజ్జిది ఎంపీసీ గనక ఆ బాధ తక్కువ. కానీ రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయా దానికి? అది కనుక్కో. సర్జరీ చెయ్యక్కర్లేదు గానీ, ఆపరేషన్ థియేటర్ గడప తొక్కకుండా ఈ ఉద్యోగం చెయ్యడం కుదరదు.

ఇప్పుడు మీ ఆయన పక్షాన ఒక మాట చెప్తా, నువ్వు నొచ్చుకోకు. ఈ డిగ్రీకి ఒక లోపం ఉంది. పెళ్ళి విస్తరి చూశావుగా, పదహారు రకాలూ ఒక్కో గరిటె పడతాయి, ఏదీ కడుపునిండా ఉండదు. ఇందులో ఎలక్ట్రానిక్స్ కొంచెం, మెకానికల్ కొంచెం, కెమిస్ట్రీ కొంచెం, కంప్యూటర్ కొంచెం, శరీరశాస్త్రం కొంచెం. తీరా పేస్‌మేకర్ సర్క్యూటు డిజైన్ చేసే ఉద్యోగానికెళ్తే అక్కడ ఈసీఈ వాడు కూర్చుని ఉంటాడు. కృత్రిమ మోకాలి చిప్ప డిజైనుకి మెకానికల్ వాడు, స్కానింగు సాఫ్ట్‌వేరుకి కంప్యూటర్ వాడు. ప్రభుత్వ నోటిఫికేషన్లలో కూడా "ఈసీఈ, ఈఈఈ" అని రాసి బయోమెడికల్ పేరు రాయని సందర్భాలుంటాయి. అందుకని ఇందులో చేరే పిల్ల రెండో ఏడాదికల్లా ఏదో ఒకటి లోతుగా పట్టుకోవాలి. ఎలక్ట్రానిక్సో, ఇమేజ్ ప్రాసెసింగో, బయోమెటీరియల్సో. మైనర్ డిగ్రీ ఇచ్చే కాలేజీలుంటే ఇంకా మంచిది. అన్నీ తెలుసు అన్నవాణ్ణి ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే పట్టేస్తారు.

ఇంకో దారి కూడా ఉంది. ఇప్పుడు ఈసీఈ చదివి, తర్వాత ఎంటెక్ బయోమెడికల్‌లో చెయ్యొచ్చు. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ ఇంజనీరింగ్‌కి విడిగా పేపరే పెట్టారు. పిల్లకి ఇష్టం ఉందో లేదో ఇంకా తేలనివాళ్ళకి ఈ దారే మేలని నేను చెప్తాను. బుజ్జి సంగతి అది కాదనుకో.

ఇంతకీ ఈ చదువు దేనికంటావా? తిరువనంతపురంలో శ్రీచిత్ర ఇన్‌స్టిట్యూట్ ఉంది, విన్నావా? వినలేదూ? గుండె ఆపరేషన్ వార్డులో పనిచేసినవాళ్ళకి ఆ పేరు బాగా తెలుసు. ఒకప్పుడు గుండె కవాటం పాడైతే విదేశాల్నుంచి తెప్పించిందే గతి, మామూలు కుటుంబాలకి ఆ ధర అందేది కాదు. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి కవాటాలు దెబ్బతిన్న పిల్లలు మన దేశంలో కోకొల్లలు. అక్కడ వలియత్తాన్ గారని గుండె సర్జను ఉండేవారు, 2024లో పోయారు. ఆయన ఇంజనీర్లని పక్కన కూర్చోబెట్టుకుని, మన కవాటం మనమే చేద్దామన్నారు. గుండె రోజుకి లక్షసార్లు కొట్టుకుంటుంది. అన్నిసార్లూ ఆ చిన్న బిళ్ళ తెరుచుకుని మూసుకోవాలి, అరగకూడదు, విరగకూడదు, దాని మీద రక్తం గడ్డకట్టకూడదు, అదీ ఏళ్ళ తరబడి. ఏ లోహం, ఏ ప్లాస్టిక్, ఏ గుడ్డ? మొదటి మూడు నమూనాలు పనికిరాకుండా పోయాయి. ఎన్నేళ్ళ శ్రమో! నాలుగోది నిలబడింది. చట్రం కోబాల్ట్ క్రోమియం మిశ్రలోహం, లోపల వాలే బిళ్ళ ఒక గట్టి పాలిథిలిన్ ప్లాస్టిక్, చుట్టూ కుట్లు వెయ్యడానికి పాలియెస్టర్ గుడ్డ అంచు. 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. ఆ తర్వాత లక్షమందికి పైగా గుండెల్లో దాన్ని అమర్చారు.

ఆ మూడు నమూనాలు పోయినప్పుడు తప్పు సర్జనుదా, ఇంజనీరుదా అని దెబ్బలాడుకుని ఉంటే నాలుగోది వచ్చేదా? ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి తెలియాలి. ఆ మధ్యలో నిలబడే మనిషిని తయారుచెయ్యడానికే ఈ చదువు.

మన హైదరాబాద్‌లోనే కలాంగారి సంగతి చూడు. ఆయన ఇక్కడ క్షిపణుల పనిలో ఉన్నప్పుడు నిమ్స్ నుంచి ఎముకల డాక్టరొకాయన ల్యాబ్ చూడ్డానికి వచ్చి, అగ్ని క్షిపణి కోసం చేసిన పదార్థం చేత్తో ఎత్తి చూశారట. ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి, కలాంగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళి పిల్లల వార్డు చూపించారు. పోలియో వచ్చిన పిల్లలు మూడేసి కిలోల ఇనప క్యాలిపర్లు కట్టుకుని కాళ్ళీడ్చుకుంటున్నారు. కొన్నివారాల్లో అదే పదార్థంతో 300 గ్రాముల క్యాలిపర్లు చేయించి ఇచ్చారు. తర్వాత గుండె డాక్టరు సోమరాజుగారితో కలిసి కలాం-రాజు స్టెంట్ చేశారు. కలాంగారు చదివింది ఏరోనాటికల్! అంటే ఇంకో బ్రాంచి నుంచి కూడా ఇటు రావచ్చు, నిజమే. కానీ ఆయన్ని ఎవరో చెయ్యిపట్టుకుని వార్డుకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. బుజ్జి చదివే కాలేజీ దాన్ని వార్డుకి తీసుకెళ్తుందా లేదా? నేను అడిగేది ఇదొక్కటే.

కాలేజీలెక్కడున్నాయంటావా? మన ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలోనే ఈ డిపార్ట్‌మెంట్ ఉంది. నర్సాపూర్‌లో బీవీ రాజు కాలేజీలో ఉంది. కందిలో ఐఐటీ హైదరాబాద్‌లో బీటెక్కే ఉంది, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకుంటే రూర్కెలా, రాయపూర్ ఎన్ఐటీల్లో ఉంది. తమిళనాడులో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో, కోయంబత్తూరు పీఎస్‌జీలో ఎప్పట్నుంచో చెప్తున్నారు. మద్రాసు ఐఐటీ వాళ్ళు 2023లో మెడికల్ సైన్సెస్ అండ్ ఇంజనీరింగ్ అని నాలుగేళ్ళ బీఎస్ మొదలెట్టారు, దానికి జేఈఈ కాదు, ఐసర్ వాళ్ళ ఆప్టిట్యూడ్ టెస్ట్. ఇంకా ప్రైవేటు యూనివర్సిటీలు బోలెడు. ఒకటి మాత్రం చూసుకోండి. బయోటెక్నాలజీ వేరు, బయోఇన్ఫర్మాటిక్స్ వేరు, బయోమెడికల్ సైన్స్ వేరు. కౌన్సెలింగ్ హడావుడిలో ఒకదానికి బదులు ఇంకోటి నొక్కేసినవాళ్ళున్నారు. బయోటెక్ వాళ్ళు కణాలు, ఎంజైములు, టీకాల వైపు వెళ్తారు. బీపీ మిషను విప్పే పిల్లని అక్కడ కూర్చోబెడితే ఊపిరాడదు.

ఇప్పుడసలు సంగతి. ఆప్షన్లు పెట్టేముందు ఆ కాలేజీలకి వెళ్ళండి. వెబ్‌సైట్‌లో ఫొటోలు కాదు, వెళ్ళండి. గేటు దగ్గర ఫౌంటెను, ఏసీ సెమినార్ హాలు, గోడమీద ప్యాకేజీల ఫ్లెక్సీ చూపిస్తారు. చూసి బాగుందనండి, బయోమెడికల్ ల్యాబ్ ఎటని అడగండి. ల్యాబులోకెళ్ళాక హెచ్ఓడీగారి కన్నా ల్యాబ్ అసిస్టెంట్‌తో ఎక్కువ మాట్లాడమను బుజ్జిని. ఈసీజీ మిషనుంటే ఇప్పుడు ఒకసారి పెట్టి చూపిస్తారా అని అడగమను. జెల్ సీసా ఎండిపోయి ఉంటే అర్థం చేసుకోవచ్చు. వెంటిలేటర్ మీద ప్లాస్టిక్ కవరు తియ్యకుండా అలాగే ఉంటే, అది చూపుకి పెట్టింది. పాతదయినా, విప్పి స్క్రూలు పక్కన గిన్నెలో వేసి ఉన్న డీఫిబ్రిలేటర్ కనిపించిందనుకో, అక్కడ పిల్లలు చేతులు పెడుతున్నారన్నమాట. ఆసుపత్రులు పక్కన పడేసిన మిషన్లు తెచ్చుకుని విప్పించే కాలేజీకే నా ఓటు. కొత్త మిషను ముట్టుకుంటే పాడవుతుందని భయం, పాతదానికి ఆ భయం ఉండదు.

తర్వాత ఆసుపత్రి మాట. "మాకు ఫలానా ఆసుపత్రితో ఎంఓయూ ఉంది" అంటారు అందరూ. కాగితం మీద సంతకానికేముంది? పోయినేడు ఎంతమంది పిల్లలు వెళ్ళారు, ఎన్ని వారాలు ఉన్నారు, థియేటర్లోకి రానిచ్చారా, లేక కాన్ఫరెన్స్ హాల్లో కూర్చోబెట్టి పవర్‌పాయింట్ చూపించి సర్టిఫికెట్టిచ్చి పంపారా? ఇది సీనియర్లని అడగాలి, అదీ క్యాంటీన్లో అడగాలి. ఆసుపత్రిలో తిరిగితేనే తెలిసే సంగతులుంటాయి మరి. ఎంఆర్ఐ గదిలో ఆ అయస్కాంతం స్కాన్ తియ్యనప్పుడు కూడా ఆగదని, రోజంతా లాగుతూనే ఉంటుందని పుస్తకంలో చదవడం వేరు. 2018 జనవరిలో ముంబైలో ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఆ గదిలోకెళ్ళిన మనిషిని మిషను లాక్కుని ప్రాణం తీసింది. రోగి కూడా కాడు పాపం, చూడ్డానికొచ్చిన బంధువు. ఇలాంటి చోట ఎవరిని ఎక్కడ ఆపాలో, ఏ తలుపు మీద ఏ బోర్డు ఉండాలో తెలిసినవాళ్ళు కావాలి.

అక్రిడిటేషన్ గురించి అడిగితే "మాకు న్యాక్ ఏ ప్లస్ ఉంది" అంటారు. న్యాక్ కాలేజీ మొత్తానికి ఇచ్చేది. కోర్సు వారీగా ఇచ్చేది ఎన్‌బీఏ. బయోమెడికల్‌కి ఎన్‌బీఏ ఉందా, ఎప్పటిదాకా ఉంది, ఆ ముక్క అడగాలి. ప్లేస్‌మెంట్లు కూడా అంతే. కాలేజీ మొత్తం లెక్క మనకెందుకు? పోయిన బ్యాచ్ బయోమెడికల్ పిల్లలు ఏ పని మీద చేరారో చెప్పమనాలి. అందరూ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్‌కి వెళ్ళారంటే, దానికి మీ ఆయన చెప్పిన కంప్యూటర్ సైన్సే నయం కదా!

ఉద్యోగాల మాటకొస్తే నిజం చెప్పాలి. ఆసుపత్రిలో చేరితే మొదటి జీతం పక్కింటి సాఫ్ట్‌వేర్ పిల్లాడి జీతం పక్కన పెట్టి చూసుకునేలా ఉండదు. రాత్రి డ్యూటీలుంటాయి, డాక్టర్లు చిరాకుపడతారు, కొనుగోళ్ళ దగ్గర మేనేజిమెంటు బేరాలాడుతుంది. మిషన్లు అమ్మే కంపెనీల్లో సర్వీస్ ఇంజనీరయితే కొంచెం మెరుగు గానీ బ్యాగు సర్దుకుని ఊళ్ళు తిరగాలి. ఇవాళ కరీంనగర్, రేపు ఖమ్మం. "ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకుని ఊళ్ళు తిరగడమేమిటి" అన్నారా మీ ఆయన? మేం ఇరవయ్యేళ్ళ వయసులో ఒంటరిగా రాత్రి డ్యూటీలకి ఆటోల్లో పోలేదూ? అప్పుడు మా నాన్న కూడా ఇదే పాట పాడారు.

కానీ దారులు పెరుగుతున్నాయి. సర్కారు ఆసుపత్రుల్లో మిషన్లు మూలపడుతున్నాయని 2015లో జాతీయ ఆరోగ్య మిషన్ కింద నిర్వహణ పథకం ఒకటి పెట్టారు. జిల్లా ఆసుపత్రిలో ఉన్న మిషన్లు 95 శాతం సమయం పనిచేస్తూ ఉండాలి, పీహెచ్‌సీలో 80 శాతం. దానికి మనుషులు కావాలి కదా. విశాఖలో స్టీలుప్లాంటు వైపు మెడ్‌టెక్ జోన్ వచ్చింది, 270 ఎకరాల్లో అన్నీ వైద్య పరికరాల కంపెనీలే, కోవిడ్‌లో వెంటిలేటర్లు, టెస్టు కిట్లు అక్కడ చేశారు. ఇటు పటాన్‌చెరు దాటాక సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్కు ఉంది. నానక్‌రామ్‌గూడలో మెడ్‌ట్రానిక్ వాళ్ళ ఇంజనీరింగ్ కేంద్రం ఉంది, 2023లో దాన్ని 35 కోట్ల డాలర్లు పెట్టి పెంచుతామన్నారు. అక్కడ మాత్రం నేనిందాక చెప్పిన ఈసీఈ, కంప్యూటర్ వాళ్ళతో పోటీపడాలి.

ఇంకో రకం ఉద్యోగం ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. 2017లో వైద్య పరికరాలకి విడిగా రూల్సు వచ్చాయి, 2018 నుంచి అమలు. నాలుక నొక్కే పుల్ల నుంచి గుండె కవాటం దాకా ప్రమాదాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు. ఏ పరికరం ఏ తరగతి, ఏ పరీక్షలు చెయ్యాలి, ఏ కాగితాలు పెట్టాలి, ఇదంతా చూసేవాళ్ళని రెగ్యులేటరీ వాళ్ళంటారు. మా ఆడపడుచు కోడలు చేస్తున్నది అదే. పిల్ల చేతిలో స్క్రూడ్రైవర్ ఉండకూడదనుకుంటే మీ ఆయనకి ఈ ఉద్యోగం నచ్చుతుంది. బుజ్జికి నచ్చుతుందని నేననుకోను.

ఉండు, ఉండు, దాన్నే పిలువు. ఏమే బుజ్జీ, అన్నీ విన్నావా కిటికీలోంచి? విన్నావుగా. సరే, ఒకటి చెప్పు. నాలుగేళ్ళూ అయ్యాక నీ బ్యాచ్ వాళ్ళు గచ్చిబౌలిలో గాజు మేడల్లో ఉంటే, నువ్వు సెల్లార్లో ఇన్ఫ్యూజన్ పంపు విప్పుకుని కూర్చోవాల్సి వస్తే ఏడుస్తావా? "ఏ పంపు అమ్మమ్మా, సిరంజిదా, గ్లూకోజు బాటిల్‌దా" అనడుగుతోంది చూడు! ఇంక దీన్నేం అడుగుతాం.

అయితే ఆప్షన్ల వరుస నేను చెప్పినట్టు పెట్టండి. ల్యాబ్ బాగుండి, ఆసుపత్రిలోకి పిల్లల్ని రానిచ్చే కాలేజీ బయోమెడికల్ అన్నిటికన్నా పైన. దాని కింద మంచి కాలేజీలో ఈసీఈ. ల్యాబులో ప్లాస్టిక్ కవర్లు తియ్యని కాలేజీల బయోమెడికల్ అసలు పెట్టొద్దు, పేరు చూసి మోసపోవద్దు. మీ ఆయన కంప్యూటర్ సైన్సు కూడా లిస్టులో ఉండనియ్యి, ఆప్షన్లు ఎన్ని పెట్టుకున్నా ఎవరూ కాదనరు. ఎన్నో నంబర్లో ఉండాలో మాత్రం బుజ్జి చెప్తుంది. శనివారం ముగ్గురూ కారేసుకుని వెళ్ళి రండి, ఒక్కరోజులో రెండు కాలేజీలు చూడొచ్చు. ఇంకోమాట, లాగిన్ పాస్‌వర్డ్ పిల్ల దగ్గరే ఉండాలి. పొద్దున్న అందరికీ సరేనని, ఫ్రీజ్ చేసే రాత్రి పిల్ల నిద్రపోయాక వరుస మార్చేసే తండ్రులు ఈ వీధిలోనే ఉన్నారు.